పదకొండు అడుగుల రాగి గొట్టం

స్పాంజి చచ్చిపోతే ముందు కంటికి తెలియదు, ముక్కుకి తెలుస్తుంది. రంగు ఇంకా అలాగే ఉంటుంది, ఆకారం అలాగే ఉంటుంది. తొట్టి మూత తీసేసరికి మాత్రం మురిగిన గుడ్లూ రొయ్యపొట్టూ కలిసినట్టు వాసన కొడుతుంది. మా ఇంట్లో ఆ వాసన మొదట పసిగట్టింది అమ్మ. ఆ ఉదయమే నా రిజిస్టరులో "రంగు: మామూలే" అని నేను రాసుకుని ఉన్నాను.

రిజిస్టరు ఎందుకు పెట్టానో ముందు చెప్పాలి.

నేను విశాఖపట్నంలో మేనమామ ఇంట్లో ఉండి మెకానికల్ డిప్లొమా చదివాను. అక్కడ ఒక కాలేజీలో సముద్ర జీవులను పెంచే తొట్ల గది ఉండేది. గాలి పంపులు చెడిపోతే బాగుచేయడానికి నన్ను పిలిచేవారు. ఆ గదిని చూసే లెక్చరరు గారు స్పాంజిల మీద పని చేస్తూండేవారు. ఆయన చెప్పేదాకా స్పాంజి ఒక జంతువని నాకు తెలియదు. మొక్కలాగా రాయికి అంటుకుని ఉంటుంది. కాలు లేదు, కన్ను లేదు, కడుపు లేదు. ఒళ్ళంతా ఉన్న సన్నటి రంధ్రాలతో నీళ్లు పీల్చుకుని, వాటిలో ఉన్న కంటికి కనిపించని తిండిని వడకట్టుకుని, పైనున్న పెద్ద రంధ్రాల్లోంచి ఆ నీళ్లు వదిలేస్తుంది. దాని బతుకంతా అంతే. అలాంటిది తొట్టిలో రెండు వారాలు బతకడమే గొప్ప.

"సముద్రం లేని ఊళ్లో ఒక స్పాంజిని ఆరునెలలు బతికించు. రోజూ లెక్క రాయి. జూలైలో దాన్నీ ఆ పుస్తకాన్నీ నా బల్ల మీద పెట్టావంటే ఇక్కడ తొట్ల మెకానిక్ ఉద్యోగం నీది" అన్నారాయన. ఆయన ఊరికే మాటిచ్చే మనిషి కాదు.

మా ఇల్లు ఖరగ్‌పూర్ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో రైల్వే క్వార్టరు. నాన్న వర్క్‌షాపులో రాగి గొట్టాల పని చేసేవాడు. ఆవిరి ఇంజన్లకు నూనె పోయే గొట్టాలూ, ఆవిరి పోయే గొట్టాలూ కొలతకు తగ్గట్టు వంచి అతకడం ఆయన పని. ముప్పై ఏళ్ళు చేశాడు. డీజిల్ ఇంజన్లు రావడంతో సెక్షనులో మనుషులు తగ్గారు, మిగిలినవాళ్లకు దగ్గు పెరిగింది. ఉద్యోగుల కొడుకులకు అప్రెంటిసు ఖాళీలు వచ్చాయని ఫోర్‌మన్ ఇచ్చిన దరఖాస్తు ఫారం ఆయన ట్రంకుపెట్టెలో ఉండేది. దాని మీద ఆయన సంతకం కావాలి, మే నెలాఖరులోగా ఇవ్వాలి. ఆయన పెట్టలేదు.

"నా సేతులు సూసినావా? ఇలాటి సేతులు నీకెందుకురా" అనేవాడు. "ఆ ముద్దని బతికించుకో. ఈశాపట్నం ఎల్లిపో. ఈ షాపులోకి మాత్రం నువ్వు రాకూడదు."

కాబట్టి ఆ స్పాంజి మీద ఆధారపడి ఉన్నది ఒక్క నా ఉద్యోగమే కాదు. నేను నాన్న పక్కన బెంచీ దగ్గర నిలబడకుండా ఉండడం అన్న ఆయన కోరిక కూడా.

తొట్టి నేనే చేశాను. టేకు చట్రం, ముందువైపు అద్దం, లోపల తారు పూత. ఎండ తగలని గదిలో, ఉత్తరపు గోడకు ఆనించి పెట్టాను. గాలికి పంపు కొనలేదు. లారీ ట్యూబులో గాలి నింపి, దానికి సన్న రబ్బరు గొట్టం తగిలించి, క్లిప్పుతో బిగించి, బుడగలు సెకనుకు రెండు చొప్పున వచ్చేలా చేశాను. కరెంటు పోయినా గాలి ఆగదు. ఉప్పు కొలవడానికి పాలల్లో నీళ్లు కలిపారా లేదా అని చూసే లాక్టోమీటరు వాడాను. సముద్రపు నీళ్లలో అది ఇరవై మూడు దగ్గర నిలబడేది. ఆవిరై పైకి పోతే ఇరవై నాలుగు, ఇరవై అయిదు అయ్యేది, అప్పుడు మంచినీళ్లు పోసి మళ్ళీ ఇరవై మూడుకు తెచ్చేవాడిని. సముద్రపు నీళ్లు మామయ్య గాజు జాడీల్లో పంపేవాడు. నాన్నకు తెలిసిన గార్డు ఒకాయన బ్రేక్ వ్యానులో పెట్టి తెచ్చేవాడు.

మొదటి స్పాంజిని చంపింది ఆ గార్డే. స్పాంజికి గాలి తగలకూడదు. నీళ్లలోంచి పైకి తీస్తే రంధ్రాల్లోకి గాలి దూరి ఇరుక్కుంటుంది, ఇక నీళ్లు ఆడవు, అక్కణ్ణించి కుళ్ళు మొదలవుతుంది. జాడీ మీద చీటీ అంటించి మరీ పంపాడు మామయ్య. బరంపురంలో బండి ఆగినప్పుడు ఎవరో చూపించమంటే గార్డు దాన్ని చేత్తో పట్టుకుని పైకెత్తి చూపించాడట. ప్లాట్‌ఫారం మీద ఆ సంగతి తనే నవ్వుతూ చెప్పాడు.

"మెత్తగా బలేగుంది బాబూ, మా ఆడోలు కూడా సూసినారు!"

నాలుగో రోజుకి అది పోయింది. రెండోది జనవరి చివర్లో వచ్చింది. పిడికెడంత, నారింజ రంగు, చిన్న రాతికి అంటుకుని ఉంది. జాడీని తొట్టిలో ముంచి, నీళ్ల లోపలే మూత తీసి, నీళ్ల లోపలే రాయిని బయటికి జరిపాను. దానికి గాలి తగల్లేదు.

అప్పణ్ణించి రోజూ ఇవీ పనులు: ఉదయం ఏడింటికి ఉష్ణోగ్రత, లాక్టోమీటరు. తర్వాత తిండి. కిటికీలో సీసా పెట్టి పెంచిన పచ్చటి నాచునీళ్లు గుడ్డలో వడకట్టి, రెండు చెంచాలు. ఎక్కువ వేస్తే నీళ్లు చెడతాయి, తక్కువ వేస్తే అది లోపల్లోపల కుంచించుకుపోతుంది. ఆదివారం నాడు పావు వంతు నీళ్లు మార్చడం. దాని మీద మట్టి పడితే చేత్తో తుడవకుండా, రబ్బరు బుడ్డితో నీళ్లు చిమ్మి తోలడం. అన్నిటికన్నా ముఖ్యం పాలచుక్క. గాజు గొట్టంతో ఒక్క చుక్క పాలు దాని పక్కన వదిలితే, తెల్లటి పోగు మెల్లగా లోపలికి పోయి, కాసేపటికి పైరంధ్రంలోంచి పొగగొట్టంలోంచి వచ్చినట్టు పైకి లేచేది. ఆ పోగు లేచినంతకాలం అది బతికి ఉన్నట్టు.

పక్క క్వార్టరు బెంగాలీ ఆవిడ రోజూ గుమ్మంలోంచి తొంగిచూసి "మాఛ్ కోయ్, దీదీ?" అనేది, చేపలేవీ అని.

"మాఛ్ నేహీ దీదీ. మా వోడు రాయిని పెంచుతున్నాడు" అనేది అమ్మ.

నాన్న షాపు నుంచి రాగానే కాళ్ళు కడుక్కుని తొట్టి ముందు కూచునేవాడు. "పాలు పొయ్యరా" అనేవాడు. తెల్లపోగు పైకి లేస్తే ఒక్క క్షణం దగ్గు ఆపుకుని చూసేవాడు. "ఏటీ తినదు, తిరగదు, అరవదు. మా సెక్షనులో ఇలాటోలు నలుగురున్నారు" అని నవ్వేవాడు.

ఏప్రిల్‌లో ఎండలు ముదిరాయి. గదిలో నీళ్ల ఉష్ణోగ్రత ముప్పై, ముప్పై ఒకటి, ముప్పై రెండున్నర. లెక్చరరు గారి హద్దు ముప్పై. తడిగుడ్డలు చుట్టాను, కిటికీకి వట్టివేళ్ల తడిక కట్టాను, నేల మీద నీళ్లు చల్లాను. ఒక డిగ్రీ తగ్గేది, మధ్యాహ్నానికి మళ్ళీ ఎక్కేది. స్పాంజి పైరంధ్రాలు సగానికి మూసుకుంది. పాలపోగు సన్నబడింది. ముప్పై మూడు చేరిన రోజున నాన్నకి ఆ అంకె చెప్పాను.

"నీళ్లు సల్లబరచడం తెలవదేటి నీకు? ఏటి సదివినావు?" అన్నాడు.

ఇద్దరం నేల మీద కూచుని సుద్దముక్కతో బొమ్మ గీశాం. ఎత్తు మీద మట్టికుండల్లో చల్లటి నీళ్లు. వాటిలోంచి పావంగుళం గొట్టం దిగి, తొట్టి లోపల చుట్టలు చుట్టుకుని, బయటికొచ్చి కింద బకెట్టులో పడుతుంది. కుండనీళ్లు సముద్రపు నీళ్లతో కలవవు, చల్లదనం మాత్రం గొట్టం గోడల్లోంచి దిగుతుంది. ఏ లోహం వేడిని ఎంత తొందరగా దాటిస్తుందో పట్టిక నాకు నోటికి వచ్చు. లెక్క కట్టాను. పదకొండు అడుగులు కావాలి. రాగి అయితే.

"తుప్పు పట్టేది ఏదీ నీళ్లలో పెట్టకు" అని లెక్చరరు గారు చెప్పిన మాట నాకు గుర్తుంది. అది నాన్నతో కూడా అన్నాను.

"ఇనుముకి గదా తుప్పు. రాగికి తుప్పేటి? రాగిచెంబులో నీళ్లు తాగితే ఒంటికి మంచిదంటారు గదా."

నాకు తెలిసిన విద్యంతా ఆ మాటకి సరేనంది. మా ఇద్దరిలో ఒకరు రాగితో ముప్పై ఏళ్ళు బతికినవాడు, ఇంకొకరు రాగి గురించి పరీక్షలు రాసినవాడు. కంచరి పని తెలియని ఇంట్లో అయితే ఆ గొట్టం పుట్టేదే కాదు.

గోల్ బజార్‌లో పాత సామాన్ల దుకాణంలో గొట్టం దొరికింది. రెండు ఆదివారాలు నాన్న వెనక వరండాలో పని చేశాడు. గొట్టాన్ని బొగ్గుల్లో ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచి మెత్తబరిచాడు. వంచేటప్పుడు నొక్కుకుపోకుండా లోపల సన్న ఇసుక కూరాడు. కర్రదుంగకు చుట్టి, చుట్టకీ చుట్టకీ మధ్య వేలెడు సందు వదిలాడు. ఎక్కడా మడత లేదు. చింతపండుతో తోమితే కొత్త పెళ్ళికూతురి నగలా మెరిసింది. ఇంట్లోకి ఏ పనిముట్టు వచ్చినా బొట్టు పెట్టడం అమ్మకు అలవాటు. పసుపు రాసి కుంకుమ పెట్టింది. నేను విసుక్కుంటూ రెండుసార్లు కడిగి తొట్టిలో దించాను. అది స్పాంజి వచ్చిన డెబ్భై ఆరో రోజు.

రెండు గంటల్లో ముప్పై మూడు నుంచి ఇరవై ఎనిమిదిన్నరకి దిగింది. నాన్నకి థర్మామీటరు చూపించాను. ఆయనకు గీతలు కనిపించవు, అయినా చాలాసేపు పట్టుకుని చూశాడు. సాయంత్రానికి స్పాంజి రంధ్రాలు తెరుచుకున్నాయి. పాలు పోస్తే పోగు నిటారుగా లేచింది. "ఊఁ" అన్నాడు నాన్న. ఆ రోజు ఇంటికొచ్చిన వాళ్ళందరినీ తొట్టి దగ్గరికి తీసుకెళ్ళాడు.

నాలుగో రోజు పోగు ఆలస్యంగా లేచింది. ఆరో రోజు అద్దం మీద పాకే చిన్న నత్తలు ఒకటొకటిగా అడుక్కి రాలిపోయాయి. ఏడో రోజు రాగి చుట్టల మీద సన్నటి ఆకుపచ్చ పొర కనిపించింది. రిజిస్టరులో "గొట్టం మీద నాచు, కొద్దిగా" అని రాశాను. ఆ మాటలు ఇప్పటికీ నా చేతిరాతలోనే ఉన్నాయి.

కారణాల జాబితా రాశాను. ఉప్పు, సరిగ్గా ఉంది. వేడి, తగ్గింది. తిండి, కొలత ప్రకారమే. వెలుతురు, లేదు. గాలి, సరిపోతోంది. పొయ్యి పొగ. అగరొత్తులు. కుంకుమ. చివరి మూడూ అమ్మవి.

"నువ్వు పెట్టిన కుంకుమేనమ్మా! అందులో ఏం రంగులు కలుపుతారో ఎవడికి తెలుసు? నీ పొయ్యి పొగ, నీ ఒత్తులు! ఆరునెలల పని ఇది!" అని అరిచాను.

 మర్నాడు అమ్మ పొయ్యిని వెనక పెరట్లోకి, రేకు కూడా లేని చోటుకి మార్చింది. దేవుడి దగ్గర ఒత్తి వెలిగించడం మానేసింది. ఏప్రిల్ ఎండలో నెత్తిన తడి తువ్వాలు వేసుకుని వండింది. నాన్న కుండల్లో నీళ్లు గంటగంటకీ మార్చాడు. అది చల్లదనం చాలక చచ్చిపోతోందని ఆయన నమ్మకం. ఆయన ఎంత శ్రద్ధగా చూసుకున్నా గొట్టం తొట్టిలోనే ఉంది.

పదకొండో రోజు, అంటే మొత్తం మీద ఎనభై ఏడో రోజు, "ఏటో మురిగిపోనాది" అంది అమ్మ గుమ్మం దగ్గరే ఆగి. లోపలికి రావడానికి భయపడింది. స్పాంజి మీద సాలెగూడులాంటి తెల్లటి పొర కట్టింది. గాజుపుల్లతో తాకితే నారింజ రంగు జారి పొడిలా నీళ్లలో కలిసింది. కింద బూడిదరంగు పీచు మిగిలింది.

రిజిస్టరు మొత్తం నకలు రాసి లెక్చరరు గారికి పంపాను. ఇరవై రోజులకు ఇంగ్లీషులో జవాబొచ్చింది. చిన్న ఉత్తరం. డెబ్భై ఆరో రోజు దగ్గర గీత గీశారట. గొట్టం మీద పచ్చపొర నాచు కాదు, రాగి చిలుమనీ, ఉప్పునీళ్లలో రాగి కొంచెం కొంచెంగా కరుగుతుందనీ, ఎముక లేని సముద్ర జీవులకు అది విషమనీ, తొట్లలో పరాన్నజీవులను చంపడానికే కొందరు దాన్ని వాడతారనీ రాశారు. లోహం ఏదీ వద్దని తను స్పష్టంగా చెప్పి ఉండాల్సిందని కూడా. మళ్ళీ మొదలుపెట్టినా జూలైకి ఆరునెలలు నిండవు గనక ఇంకొకరిని తీసుకుంటున్నామని ఆఖరి వాక్యం.

"ఏటి రాసినారు?" అన్నాడు నాన్న.

"వేడేనట."

ఆయన తల పంకించాడు. "అనుకున్నాను. గొట్టం పొట్టిదైపోనాది. నా తప్పే. ఇంకోటి తెప్పించు మీ మావ సేత. ఈసారి ఇరవై రెండు అడుగులు సేస్తాను."

ఉద్యోగం పోయిందని కూడా నేను చెప్పలేదు. ఆయన బాధపడతాడని అనుకున్నాను. అప్పుడు నాలో నేను చెప్పుకున్న కారణం అది. నిజానికి ఆయన మొహంలోకి చూసి చెప్పే పని తప్పించుకున్నాను.

మర్నాడే గొట్టం వచ్చింది. మే నెల. షాపులో ఎనిమిది గంటలు చేసి వచ్చి, వరండాలో మళ్ళీ బొగ్గులు రాజేశాడు. ఊదుగొట్టంతో ఊదడం, దగ్గడం, మళ్ళీ ఊదడం. ఇరవై రెండు అడుగులకు కర్రదుంగ చాలక ఇంకొకటి చెక్కాడు. రోజూ అడిగేవాడు, మామ ఎప్పుడు పంపుతున్నాడని. రాశాను అనేవాడిని, రాయకుండానే. ఫారం ట్రంకుపెట్టెలో అలాగే ఉంది. నెలాఖరుకి ఇంకా అయిదు రోజులే ఉంది.

తొమ్మిదో రోజు సాయంత్రం చుట్ట పూర్తయింది. దాన్ని రెండు చేతుల్లో తెచ్చి నా ముందు పెట్టాడు. మొదటిదానికన్నా బాగుంది.

"నాన్నా, స్పాంజిని చంపింది వేడి కాదు. రాగి. రాగి ఉప్పునీళ్లలో కరిగి దానికి విషమైంది. ఉద్యోగం ఇంకొకళ్ళకి ఇచ్చేశారు" అన్నాను. మూడు ముక్కల్లో, ఆపకుండా.

ఆయన నేల మీద కూచున్నాడు. చుట్ట మీద అరచెయ్యి వేసి ఉంచాడు.

"రాగిచెంబులో నీళ్లు మనం తాగుతున్నాం గదరా" అన్నాడు.

"మనకేం కాదు. దానికే."

"నీకు ముందు తెలవదా?"

"తెలీదు."

"ఎప్పుడు తెలిసినాది?"

"ఉత్తరం వచ్చిన రోజున."

వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడు. తొమ్మిది రోజులూ ఆయన వేళ్ళ మీద ఒకటొకటిగా దాటడం చూశాను. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది.

"మీ అమ్మకి సెప్పినావా, కుంకం వల్ల కాదని?"

చెప్పలేదు. ఆ ఆలోచనే రాలేదు. పెరట్లో అమ్మ గిన్నెలు తోముతున్న చప్పుడు వినిపిస్తోంది.

"ఎల్లి సెప్పు" అన్నాడు.

వెళ్ళి చెప్పాను. అమ్మ నా మొహం వైపు చూడకుండా విన్నది. "అయితే పొయ్యి లోపల ఎట్టుకోవచ్చా?" అని మాత్రం అడిగింది. నేను తిరిగి వచ్చేసరికి నాన్న ట్రంకుపెట్టె తెరిచి ఫారం బయటికి తీశాడు. సంతకం పెట్టడానికి కళ్ళద్దాలు కావాలన్నాడు, తెచ్చిచ్చాను. తెలుగులో ఒక్కొక్క అక్షరం ఆగి ఆగి రాశాడు.

మర్నాడు పొద్దున్న నన్ను వెంటబెట్టుకుని ఫోర్‌మన్ గదికి తీసుకెళ్ళాడు.  ఫోర్‌మన్ ఫారం తిరగేసి, నా డిప్లొమా కాగితం చూసి, నాన్న వైపు తిరిగి, డిప్లొమా అయ్యాక ఇన్నాళ్ళూ ఏం చేశాడని హిందీలో అడిగాడు.

"డిప్లొమా తో హో గయా. ఇత్నా దిన్ క్యా కర్తా థా?"

నా సంచిలో రిజిస్టరు ఉంది. ఎనభై ఏడు రోజులు, రోజుకు అయిదు గడులు. నేను సంచి మీద చెయ్యి వేశాను.

"కుఛ్ నహీ సాబ్" అన్నాడు నాన్న. "ఖాలీ బైఠా థా." ఏమీ లేదు, ఊరికే కూచున్నాడని.

ఫారంలో అనుభవం అన్న గడిలో ఫోర్‌మన్ అడ్డంగా ఒక గీత గీశాడు.